కంప్యూటర్ చదరంగం పోటీ ఏ ఊళ్లో పెట్టాలి? దూరం లెక్కకు అందని న్యాయం

మొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగం పోటీ 1974లో స్టాక్‌హోమ్‌లో జరిగింది. 13 ప్రోగ్రాములు తలపడ్డాయి. సోవియట్ ప్రోగ్రామ్ కైస్సా నాలుగు ఆటలూ గెలిచి టైటిల్ పట్టుకుపోయింది. కానీ కైస్సాను నడిపిన కంప్యూటర్ మాత్రం మాస్కో దాటలేదు. ఎత్తులన్నీ టెలిఫోన్ మీదే అటూ ఇటూ వెళ్లాయి.

ఇది వినగానే ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. ఆడేది ప్రోగ్రామ్. దానికి జెట్‌ల్యాగ్ లేదు, తిండి పడకపోవడం లేదు, గ్యాలరీలో అరుపులకు టెన్షన్ పడటం లేదు. అలాంటప్పుడు పోటీ ఏ దేశంలో పెడితే ఏంటి? అయినా వేదిక దగ్గరే ఈ రంగంలో మనస్పర్థలు వచ్చాయి, కొందరు పోటీకే దూరమయ్యారు. ఎందుకో తెలియాలంటే, అసలు పోటీకి వచ్చేది ఎవరో ముందు చూడాలి.

పోటీకి వచ్చేది ప్రోగ్రామ్ ఒక్కటే కాదు

ఒక జట్టు అంటే మూడు భాగాలు. ఎత్తులు ఆలోచించే ప్రోగ్రామ్, అంటే ఇంజిన్, మొదటిది. అది నడిచే యంత్రం రెండోది. బల్ల ముందు కూర్చునే ఆపరేటర్ మూడోవాడు. ప్రత్యర్థి ఎత్తును కంప్యూటర్‌లోకి ఎక్కించడం, తన ఇంజిన్ చెప్పిన ఎత్తును బోర్డు మీద ఆడటం, గడియారం నొక్కడం అతని పని. చాలా జట్లలో ప్రోగ్రామ్ రాసినవాడే ఆపరేటర్ కూడా. ఈ పోటీని దశాబ్దాల పాటు నడిపిన సంఘం 1977లో పుట్టింది. 2002 నుంచి దాన్ని ఐసీజీఏ (అంతర్జాతీయ కంప్యూటర్ గేమ్స్ సంఘం) అంటున్నారు. యంత్రం ఎక్కడో దూరాన ఉన్నా ఈ పోటీలో అభ్యంతరం ఉండేది కాదు. మనిషి మాత్రం హాల్లో ఉండాల్సి వచ్చేది.

మనిషి ఎందుకు అంటారా? ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జరిగిన 2003 పోటీ చూడండి. జానీ, ష్రెడర్ అనే రెండు ఇంజిన్లు ఆడుతున్నాయి. ష్రెడర్ గెలిచే దశలో ఉంది. ఇంతలో ఒకే స్థితి మూడోసారి వచ్చింది. నిబంధన ప్రకారం అడిగితే డ్రా. జానీ తెరమీద ఆ సంగతి చూపించింది కూడా. కానీ దాన్ని రాసి, ఆపరేటర్‌గా కూర్చున్న మనిషి డ్రా అడగలేదు. ఎదుటి ప్రోగ్రామ్‌లో ఉన్న తప్పు పుణ్యాన అరపాయింటు పుచ్చుకోవడం అతనికి మనస్కరించలేదు. ఆట సాగింది, ష్రెడర్ గెలిచింది. చివరికి ఫ్రిట్జ్ అనే ఇంకో ఇంజిన్‌తో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో దాన్ని ఓడించి టైటిల్ కూడా గెలుచుకుంది. ఆ అరపాయింటు ఎవరిది, దాన్ని వదులుకునే హక్కు ఆపరేటర్‌కు ఉందా అన్న వాదన చాలాకాలం సాగింది. మన ప్రశ్నకు కావలసిన సంగతి ఒక్కటే. కంప్యూటర్ల పోటీలో కూడా మనిషి ఉత్త గుమాస్తా కాదు.

అంటే వేదిక ఎంపికలో తేలాల్సినవి మూడు. మనిషి అక్కడికి వెళ్లగలడా? యంత్రం వెళ్లగలదా, లేకపోతే దానితో లైన్ కలుస్తుందా? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? "న్యాయమైన వేదిక" అన్నప్పుడు ఒక్కొక్కరు ఇందులో ఒక్కొక్కదాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు. సగం గొడవ అక్కడే.

దూరం లెక్క: పది జట్లతో ఒక ఉదాహరణ

ముందు తేలికైనది తీసుకుందాం. పది జట్లున్నాయనుకోండి. ఆరు పశ్చిమ యూరప్‌వి, రెండు అమెరికావి, ఒకటి జపాన్‌ది, ఒకటి ఇజ్రాయెల్‌ది. పోటీ ఆమ్‌స్టర్‌డామ్‌లో పెడితే ఒకవైపు ప్రయాణం యూరప్ జట్లకు 2 గంటలు, అమెరికా వాళ్లకు 9, జపాన్ వాళ్లకు 13, ఇజ్రాయెల్ వాళ్లకు 5 అనుకుందాం. అన్నీ కలిపితే 48 గంటలు. న్యూయార్క్‌లో పెడితే యూరప్ వాళ్లకు 9, అమెరికా వాళ్లకు 3, జపాన్ వాళ్లకు 14, ఇజ్రాయెల్ వాళ్లకు 12. మొత్తం 86. టోక్యో అయితే యూరప్‌కు 13, అమెరికాకు 13, జపాన్‌కు 1, ఇజ్రాయెల్‌కు 12. మొత్తం 117. ఇవి లెక్క కోసం ఊహించిన అంకెలే గానీ, నిజానికి మరీ దూరంగా లేవు.

మొత్తం ప్రయాణం తగ్గించడమే న్యాయం అనుకుంటే ఆమ్‌స్టర్‌డామ్‌కు ఎదురే లేదు. కానీ ఈ లెక్కను ఏటా ఇలాగే వేస్తే ఏటా ఇదే జవాబు వస్తుంది. పదేళ్లూ అక్కడే పెడితే ఒక్కో యూరప్ జట్టు పదేళ్లకు 20 గంటలు ప్రయాణిస్తుంది, జపాన్ జట్టు 130 గంటలు. ఆరున్నర రెట్లు.

సరే, వేదికను తిప్పుదాం. పదేళ్లలో ఆరుసార్లు ఆమ్‌స్టర్‌డామ్, రెండుసార్లు న్యూయార్క్, రెండుసార్లు టోక్యో. ఇప్పుడు ఒక్కో యూరప్ జట్టుకు 56 గంటలు, అమెరికా జట్టుకు 86, ఇజ్రాయెల్ జట్టుకు 78, జపాన్ జట్టుకు 108. అందరికంటే ఎక్కువ తిరిగేవాడికీ తక్కువ తిరిగేవాడికీ తేడా రెండు రెట్లలోపుకు దిగింది. అయితే అందరి గంటలూ కలిపిన మొత్తం 480 నుంచి 694కు పెరిగింది. దాదాపు 45 శాతం ఎక్కువ. ఇంకో సంగతి గమనించండి. ఇజ్రాయెల్ జట్టు ఈ తిప్పడంలో నష్టపోయింది, 50 గంటలు కాస్తా 78 అయ్యాయి. దూరపువాళ్లకు మేలు చేద్దామని మొదలుపెడితే, గుంపుకు దగ్గరలో ఒంటరిగా ఉన్నవాడి మీద భారం పడింది.

దీంట్లో తప్పొప్పులు తేల్చే సూత్రం లేదు. "ఎక్కువమందికి తక్కువ కష్టం" అనేవాళ్లది ఒక న్యాయం, "ఎవరికీ మరీ ఎక్కువ కష్టం ఉండకూడదు" అనేవాళ్లది ఇంకో న్యాయం. రెండింటికీ ఒకే ఊరు జవాబుగా రావడం అరుదు.

రానివాళ్లను ఎలా లెక్కపెడతాం?

నాకు పై లెక్కలో అన్నిటికంటే అనుమానంగా కనిపించేది అంకెలు కాదు, మొదటి వాక్యం. "పది జట్లున్నాయి" అన్నాం. ఆ పదిమంది ఎక్కడి నుంచి వచ్చారు? నిరుడు వచ్చినవాళ్లే కదా. నిరుడు పోటీ యూరప్‌లో పెడితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది యూరప్ వాళ్లే ఉంటారు. ఆ జాబితా చూసి, "చూశారా, జట్లన్నీ ఇక్కడే ఉన్నాయి" అని ఈ ఏడాదీ అక్కడే పెడతాం. దూరం భరించలేక మానేసినవాడు జాబితాలోనే లేడు కాబట్టి అతని గంటలు ఏ మొత్తంలోనూ చేరవు. లెక్క పైకి న్యాయంగానే కనిపిస్తుంది. నిన్నటి ఎంపికే ఇవాళ్టి లెక్కకు పునాది కావడం అందులో బయటపడదు.

అలాగని తూర్పుకు తీసుకెళ్తే కొత్తవాళ్లు వరదలా వస్తారని కూడా చెప్పలేం. 1999లో జర్మనీలోని పాడర్‌బోర్న్‌కు 30 ప్రోగ్రాములు వచ్చాయి. 2006లో ఇటలీలోని టురిన్‌కు 18. 2013లో జపాన్‌లోని యొకొహామాకు 6 మాత్రమే. దూరం వల్లే తగ్గాయి అనడం తేలిక. కానీ రెండేళ్ల ముందు నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో పెట్టినప్పుడే అవి 9కి పడిపోయాయి. అప్పటికే ఈ రంగం మారుతోంది. ఎదురెదురుగా కూర్చుని ఆడే పోటీల మీద మోజు తగ్గుతోంది, అమ్ముకోవడానికి ఇంజిన్లు రాసేవాళ్లూ తగ్గుతున్నారు. దూరం ఒక కారణమే గానీ, మొత్తం నేరం దాని మీద మోపలేం.

సొంత గడ్డ మీద ఆడేవాడికి లాభం ఉంటుందా అని కూడా అడుగుతుంటారు. ఇజ్రాయెల్ ప్రోగ్రామ్ జూనియర్ 2004లో రామత్ గన్‌లో గెలిచింది, నిజమే. టురిన్, టిల్‌బర్గ్, యొకొహామాల్లోనూ గెలిచింది. ష్రెడర్ సొంత దేశం జర్మనీలో, పాడర్‌బోర్న్‌లో గెలిచింది, జకార్తాలో, గ్రాజ్‌లో కూడా గెలిచింది. ప్రోగ్రామ్‌కు స్వస్థల బలం లేదు. లాభమేదైనా ఉంటే అది టికెట్టు కొనే మనిషికే.

దేశంలోకే రానివ్వకపోతే

దూరం అంటే డబ్బుతో, ఓపికతో తీరే సమస్య. వీసా అలా కాదు. ఉందా, లేదా అంతే. 1996లో మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీ జకార్తాలో జరిగింది. ఇజ్రాయెల్‌తో ఇండోనేషియాకు దౌత్య సంబంధాలు లేవు. ఇజ్రాయెల్ ప్రోగ్రామర్లు ఆ పోటీకి వెళ్లలేకపోయారు. మిగతావాళ్లు వెళ్లాలా, వాళ్లకు మద్దతుగా మానుకోవాలా అన్నదాని మీద ప్రోగ్రామర్ల మధ్య ఘాటైన చర్చ నడిచింది.

మనుషుల చదరంగానికి ఈ చిక్కు ఇంకా పాతది. 1976లో ఒలింపియాడ్ హైఫాలో పెడితే సోవియట్ యూనియన్, అరబ్ దేశాలు రాలేదు. లిబియా అదే సమయంలో ట్రిపోలీలో దానికి పోటీగా ఇంకో ఒలింపియాడ్ నడిపింది. 2017 డిసెంబర్‌లో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ (తక్కువ సమయంలో ఆడే చదరంగం) పోటీలు సౌదీ అరేబియాలోని రియాద్‌లో జరిగినప్పుడు ఇజ్రాయెల్ ఆటగాళ్లకు వీసాలు ఇవ్వలేదు. మరుసటి ఏడాది ఆ పోటీలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు మారాయి.

ఇక్కడ రెండు వాదనలున్నాయి. అర్హత ఉన్న ఒక్కరిని రానివ్వకపోయినా ఆ దేశానికి ప్రపంచ పోటీ ఇవ్వకూడదు, "ప్రపంచ" అన్న మాటకు అర్థమే అది అని ఒక వాదన. సరిహద్దులు గీసింది చదరంగం సంఘం కాదు, ఆ గీటురాయి పెడితే సగం ప్రపంచం వేదికల జాబితాలోంచి ఎగిరిపోతుంది, శిక్ష పడేది అక్కడి ప్రభుత్వానికి కాదు, అక్కడి ప్రోగ్రామర్లకు అని రెండోది. రెండోదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కాకపోతే ఒక తేడా ఉంది. పోటీ దూరంగా పెడితే అందరికీ ఎంతోకొంత కష్టం. తలుపు మూస్తే కొందరికి మాత్రమే, అది కూడా పూర్తిగా. మొత్తం గంటల లెక్కలో దీన్ని ఇరికించాలని చూస్తే ఆ ఒక్కడూ సగటులో కలిసి కనిపించకుండా పోతాడు. అందుకే వీసాను తూకంలో వేసే అంశంగా కాకుండా, తూకం మొదలుపెట్టే ముందు దాటాల్సిన గడపగా చూడటమే నాకు సబబనిపిస్తుంది.

గడప అన్నంత మాత్రాన పని తేలిక కాదు. ఒక దేశం వీసా ఇవ్వనని ముందే చెప్పడం వేరు, దరఖాస్తు తీసుకుని పోటీ మొదలయ్యే రోజు దాకా నాన్చడం వేరు. రెండోది ఏ నిబంధనల్లోనూ దొరకదు. రానివాడి దృష్టిలో మాత్రం రెండూ ఒకటే.

యంత్రానికీ పాస్‌పోర్టు కావాలి

మనిషి సంగతి అలా ఉంటే, యంత్రం సంగతి ఇంకా విచిత్రం. 1980 ప్రపంచ విజేత బెల్ (Belle) మామూలు కంప్యూటర్ కాదు, చదరంగం కోసమే తయారుచేసిన ప్రత్యేక యంత్రం. దాన్ని తయారుచేసిన, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థకు చెందిన కెన్ థాంప్సన్ 1982లో దాన్ని మాస్కోకు తీసుకెళ్తుంటే, న్యూయార్క్‌లోని కెనెడీ విమానాశ్రయంలో అధికారులు పట్టేసుకున్నారు. అది నిషేధిత సాంకేతిక పరిజ్ఞానాన్ని సోవియట్ యూనియన్‌కు ఎగుమతి చేయడం కిందికి వస్తుందన్నారు. జరిమానా కట్టి దాన్ని విడిపించుకోవడానికి నెలకు పైగా పట్టింది. థాంప్సన్‌కు దారి ఉంది, ఆయన యంత్రానికి లేదు.

సరే, యంత్రాన్ని ఇంట్లోనే ఉంచి లైన్ మీద ఆడితే? 1995లో హాంకాంగ్‌లో అలాగే ఆడారు. ఐబీఎమ్ వాళ్ల డీప్ బ్లూ ప్రోటోటైప్ అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ల్యాబ్‌లో ఉంది. ఆ సీజన్‌లో హాంకాంగ్‌కు, న్యూయార్క్‌కు తేడా సరిగ్గా 12 గంటలు. ఇక్కడ మధ్యాహ్నం రెండు అంటే అక్కడ అర్ధరాత్రి దాటి రెండు. ఎదురుగా ఉన్న ఫ్రిట్జ్ మాత్రం హాల్లోనే ఒక పెంటియం పీసీ మీద నడుస్తోంది. ఆట మధ్యలో లైన్ తెగింది. కలిపాక డీప్ బ్లూ మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకుని, అంతకుముందు ఆడబోయిన ఎత్తు వదిలేసి 13వ ఎత్తులో క్యాస్లింగ్ (రాజును పక్కకు జరిపే ప్రత్యేక ఎత్తు) చేసింది. రాజును నేరుగా ఫ్రిట్జ్ దాడికి ఎదురుగా తెచ్చి పెట్టింది. ఫ్రిట్జ్ ఆ ఆట గెలిచింది, ఆనక ప్లేఆఫ్‌లో స్టార్ సోక్రటీస్ అనే ప్రోగ్రామ్‌ను ఓడించి ప్రపంచ విజేత కూడా అయింది.

లైన్ తెగకపోతే ఫలితం మారేదా? చెప్పలేం. ఆ క్యాస్లింగ్ తప్పుడు ఎత్తే, దాన్ని ఎంచుకున్నది డీప్ బ్లూయే. మళ్లీ ఆలోచిస్తే అది తోచింది అంటే లోపం ప్రోగ్రామ్‌లోనూ ఉన్నట్టే. కానీ పక్కగదిలో ఉన్న యంత్రానికి ఆ రెండో ఆలోచన అవసరమే వచ్చేది కాదు. వేదిక నేరుగా ఒక ఎత్తులోకి వచ్చి కూర్చున్న సందర్భం నాకు తెలిసి ఇంత స్పష్టంగా ఇంకోటి లేదు.

ఇప్పుడు లైన్లు బాగుపడ్డాయి గానీ, ప్రశ్న పోలేదు, రూపం మార్చుకుంది. 2015లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గెలిచిన జానీ 2400 కోర్ల (లెక్కలు చేసే ప్రాసెసర్ భాగాల) క్లస్టర్ మీద, అంటే కలిపికట్టిన కంప్యూటర్ల గుంపు మీద నడిచింది. అలాంటిది సూట్‌కేసులో పట్టదు. యూనివర్సిటీ యంత్రాలు అందుబాటులో ఉన్నవాడికి వేదిక ఎక్కడున్నా ఒకటే. సొంత డెస్క్‌టాప్‌ను నమ్ముకున్నవాడు విమానంలో ఎంత బరువు మోయగలిగితే అంతే. ఈ తేడా తగ్గించడానికి 2009లో స్పెయిన్‌లోని పాంప్లోనాలో 8 కోర్లకు మించకూడదని పరిమితి పెట్టారు. అది అందరికీ నచ్చలేదు. వేగమైన యంత్రాన్ని వాడుకోగలగడం కూడా ఈ పోటీలో ప్రతిభే అన్నారు. మరుసటి ఏడాది జపాన్‌లోని కనజావాలో పరిమితి ఎత్తేసి, దానితో పాటు అందరికీ ఒకేలాంటి యంత్రాల మీద వేరే సాఫ్ట్‌వేర్ పోటీ మొదలుపెట్టారు.

ఎంచుకునేంత వీలు అసలు ఉందా?

బయటి నుంచి చూస్తే సంఘం ప్రపంచ పటం ముందు పరుచుకుని ఊరిని ఎంచుకుంటుంది అనిపిస్తుంది. పని జరిగే తీరు అది కాదు. హాలు ఇచ్చి, ఖర్చు భరించి, స్థానికంగా తిరిగే మనుషుల్ని పెట్టగల యూనివర్సిటీయో, ఏదైనా సదస్సో ముందుకు రావాలి. ఆ ఏడాది ఒక్కరే ముందుకు వస్తే ప్రశ్న "ఎక్కడ పెట్టాలి" కాదు, "పెట్టాలా, మానాలా". లైడెన్‌లో 2015, 2016, 2017 వరసగా మూడేళ్లు పోటీ జరగడం వెనక పటం మీది దూరాలు కాదు, అక్కడి యూనివర్సిటీతో సంఘానికి ఉన్న అనుబంధం కనిపిస్తుంది.

దీనికి ఇంకో ముడి కూడా ఉంది. చాలా ఏళ్లు ఈ పోటీని కంప్యూటర్ ఒలింపియాడ్‌తో కలిపి పెట్టేవారు. అందులో గో, షోగి లాంటి ఆటల ప్రోగ్రాములు కూడా ఉంటాయి. ఆ ఆటలకు బలమంతా జపాన్, చైనా, తైవాన్‌లలో. చదరంగానికి యూరప్‌లో. 2008లో బీజింగ్, 2010లో కనజావా అంటే గో ప్రోగ్రామర్లకు పక్క ఊరే, చదరంగం ప్రోగ్రామర్లకు ఖండం అవతల. పాంప్లోనా, టిల్‌బర్గ్ అంటే దీనికి తలకిందులు. రెండింటినీ కలిపి పెడితే ఖర్చు కలిసొస్తుంది, కానీ ప్రతిసారీ ఒక గుంపు దూరం పోవాలి. 2018లో విడదీశారు. ఒలింపియాడ్ తైవాన్‌లో, చదరంగం స్టాక్‌హోమ్‌లో. 2019లో మళ్లీ రెండూ మకావులో కలిశాయి.

ఊరే లేకుండా చేస్తే?

ఇన్ని చిక్కులుంటే అంతా ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చు కదా అనే మాట సహజం. నిజానికి పెట్టారు కూడా. 2010లో మొదలైన టీసీఈసీ అనే ఆన్‌లైన్ పోటీలో ఇంజిన్లన్నీ నిర్వాహకులు పెట్టిన యంత్రాల మీదే నడుస్తాయి. ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, వీసా అక్కర్లేదు, ఆటలు పగలూ రాత్రీ సాగుతూనే ఉంటాయి. ప్రపంచంలో బలమైన ఇంజిన్ ఏదో తెలుసుకోవాలంటే ఇవాళ జనం చూసేది అటువైపే. ఏ దేశంలో ఉండి రాసినా ఒక ఫైలు పంపితే చాలు. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ లాంటి, పదిచోట్ల నుంచి పదిమంది కలిసి రాసే ప్రాజెక్టుకు "సొంత ఊరు" అన్న మాటే వర్తించదు.

పాతపద్ధతి వాళ్ల జవాబులోనూ పస ఉంది. నిర్వాహకుల యంత్రం మీదే ఆడాలి అంటే సొంత యంత్రం కట్టుకునేవాడికి చోటు లేనట్టే. బెల్, డీప్ బ్లూ లాంటివి అలాంటి పోటీలో పుట్టేవి కావు. ఒక గదిలో వారం రోజులు కూర్చుంటే ఓడినవాడు గెలిచినవాడిని పక్కకు పిలిచి ఆ ఎత్తు ఎందుకు ఆడిందని అడుగుతాడు. ఆ మాటల్లోంచి ఎన్నో మెలకువలు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కు చేరాయి. ఎదురుగా ఉంటే మోసం తగ్గుతుందన్న వాదన మాత్రం అంత గట్టిది కాదు. రిబ్కా అనే ప్రోగ్రామ్ 2007 నుంచి 2010 దాకా ఆమ్‌స్టర్‌డామ్, బీజింగ్, పాంప్లోనా, కనజావాల్లో అందరి ఎదురుగానే కూర్చుని వరసగా నాలుగు టైటిళ్లు గెలిచింది. వేరేవాళ్ల కోడ్ వాడారన్న ఆరోపణ మీద 2011లో సంఘం వాటన్నిటినీ రద్దు చేసింది. ఆ తీర్పును ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లు ఉన్నారు, అది వేరే కథ. ఏదేమైనా విచారణకు పనికొచ్చింది కోడ్ పరిశీలనే, హాల్లో కూర్చున్న కుర్చీ కాదు.

స్టాక్‌హోమ్, మకావులను పక్కపక్కన పెడితే చిక్కు మొత్తం కనిపిస్తుంది. స్టాక్‌హోమ్ చాలా జట్లకు రెండు మూడు గంటల దారి, కానీ షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) కావలసిన దేశాల వాళ్లకు అది నెలల ముందు నుంచే మొదలయ్యే పని. మకావు యూరప్ వాళ్లకు ఒక రోజు ప్రయాణం, కానీ చాలా దేశాల పౌరులు అక్కడ వీసా లేకుండానే దిగొచ్చు. వచ్చిన జట్ల గంటలు కూడితే మొదటిది న్యాయం. రాలేకపోయేవాళ్లను లెక్కపెడితే రెండోది కావచ్చు. రెండుచోట్లా గెలిచింది కొమోడో అనే ఇంజినే కాబట్టి ఫలితాల పట్టిక చూసి ఏది మంచి వేదికో తేల్చే వీలు కూడా లేదు.